నీళ్ల ట్యాంకులో ఉండే స్నేహితురాలికి కంచం పెట్టాలా?

అమ్మా, మీ ప్రశ్న జాగ్రత్తగా చదివాను. మీ పాపకి నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ చదువుతోంది. ఎంవీపీ కాలనీలో మీ అపార్ట్‌మెంట్ మేడమీద నీళ్ల ట్యాంకులో ‘బుంగి’ అనే స్నేహితురాలు ఉందంటుంది. అన్నం దగ్గర బుంగికి వేరే కంచం పెట్టమంటుంది. బీచ్‌లో ఏరుకొచ్చిన రాళ్లకి జలుబు చేస్తుందని రాత్రిపూట రుమాలు కప్పి తన పక్కనే పడుకోబెడుతుంది. క్లాసులో తనలో తనే మాట్లాడుకుంటుంది. ‘మా ఇంట్లో సబ్‌మెరైన్ ఉంది’ అని టీచర్‌కి చెప్పింది. టీచరేమో ఒకసారి డాక్టర్‌కి చూపించమన్నారు. మీ అత్తగారు గాలి సోకిందేమో, తాయెత్తు కట్టిద్దాం అంటున్నారు. మీ వారు నవ్వుతూ ఫోన్‌లో వీడియోలు తీస్తున్నారు. మీకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది జబ్బా, మాన్పించాలా, కంచం పెట్టాలా వద్దా అని అడిగారు.

నేను డాక్టర్‌ని కాదు. విశాఖలోనే చాలా ఏళ్లు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి చదువు చెప్పాను. మీరు రాసినదాంట్లో నాకు జబ్బు లక్షణం ఒక్కటీ కనబడలేదు. ఊహ బాగా పారే పిల్ల కనబడింది. ఆ ఆట ఆ పిల్ల సొంతం. దాన్ని మాన్పించాల్సిన పనీ లేదు, దగ్గరుండి నడిపించాల్సిన పనీ లేదు. ఈ రెండో మాట తల్లిదండ్రులకి తొందరగా మింగుడుపడదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు బుంగి సంగతి. ఇలాంటి స్నేహితులు మీరనుకుంటున్నంత అరుదేమీ కాదు. అమెరికాలోని ఆరెగన్ విశ్వవిద్యాలయంలో మార్జొరీ టేలర్ అనే మనస్తత్వవేత్త ఈ విషయంమీదే ఏళ్ల తరబడి పనిచేశారు. ఆమె బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో, ఏడేళ్లు వచ్చేసరికి నూటికి 65 మంది పిల్లలకి ఎప్పుడో ఒకప్పుడు ఊహల్లో స్నేహితులు ఉన్నారని తేలింది. ఉన్న బొమ్మకే పేరు పెట్టి, మాటలు నేర్పి, స్నేహం చేసినవాళ్లు కూడా అందులో ఉన్నారు. అది అక్కడి పిల్లల లెక్క, మన దగ్గర కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. కానీ నా క్లాసుల్లో ఇలాంటి పిల్లలు లేని సంవత్సరం నాకు గుర్తు లేదు. తోడు లేని పిల్లలే ఇలా చేస్తారని పెద్దలు అనుకుంటారు. నేను చూసినవాళ్లలో చాలామంది క్లాసంతటినీ వెంటేసుకుని తిరిగేవాళ్లే. టేలర్ బృందం చూసిన పిల్లలు కూడా మిగతావాళ్ల కంటే బిడియస్తులేమీ కాదు. పైగా ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించడంలో నాలుగేళ్ల వయసుకే కాస్త ముందున్నారు.

మీ అసలు భయం ‘పాపకి నిజమేదో, ఊహేదో తెలియడం లేదా’ అని. తెలుసమ్మా. ఇలాంటి స్నేహితుల గురించి పరిశోధకులు మరీ ఆసక్తిగా అడుగుతుంటే మధ్యలో పిల్లలే ఆగి ‘అది ఉత్తుత్తిదే, తెలుసు కదా’ అని వాళ్లకి గుర్తుచేసిన సందర్భాలు ఉన్నాయి. మీరూ చూడండి. బుంగికి కంచం అడుగుతుంది గానీ, ఆ ఖాళీ కంచంలోంచి బుంగి నిజంగా అన్నం తినడం లేదేమిటని ఎప్పుడూ కంగారుపడి ఉండదు. తనకి ఆకలేస్తే మాత్రం ఉత్తుత్తి అన్నంతో సరిపెట్టుకోదు. మన నాయనమ్మలు చిన్నప్పుడు ఇసుకతో గుజ్జనగూళ్లు వండి, లక్కపిడతల్లో వడ్డించి, బొమ్మల పెళ్లికి విస్తళ్లు వేసిన రోజుల్లో ఆ ఇసుకని ఎవరూ మింగలేదు. ఇదీ అదే ఆట.

బుంగి మీ పాపకి ఏం పని చేసిపెడుతోందో గమనించండి. పాతపోస్టాఫీసు దగ్గర, పోర్టుకి దగ్గర్లో ఉండే ఒక బాబు నా క్లాసులో ఉండేవాడు. వాడికి కనబడని ఏనుగొకటి ఉండేది. ‘మా ఏనుగుకి రాత్రి ఓడ కూత అంటే భయం’ అని చెప్పేవాడు. వాడికి భయమేమో అని ఎవరైనా అడిగితే ఛాతీ విరుచుకుని ‘నాకేం భయం’ అనేవాడు. వాళ్లమ్మకి ఏనుగు సంగతి చెప్పాను. ఆమె ఒక సాయంత్రం వాణ్ని తీసుకెళ్లి, పోర్టులోకి వచ్చే ఓడలు చూపించి, ఆ కూత ఎందుకు వేస్తారో చెప్పారు. వాడు తిరిగొచ్చి ఏనుగుకి వివరంగా బోధించాడు. నేరుగా చెప్పుకోలేని భయాన్నీ సిగ్గునీ కోపాన్నీ పిల్లలు ఇలా ఇంకొకరి నెత్తిన పెట్టి మనకి చూపిస్తారు. కాబట్టి ‘బుంగికి ఇవాళ స్కూల్లో ఎలా ఉంది?’ అని మామూలుగా అడగండి. ‘నీకెలా ఉంది’ అంటే ‘బావుంది’ అని వదిలేసే పిల్ల, బుంగి గురించి అడిగితే అరగంట చెప్తుంది.

అలాగని బుంగిని మీ పనులకి వాడుకోకండి. ‘బుంగి కూడా వంకాయ తినమంటోంది’, ‘బుంగి పడుకుంది, నువ్వూ పడుకో’ అని చెప్పాలని చాలా అనిపిస్తుంది, పని సులువవుతుందని. ఒకటి రెండుసార్లు అవుతుంది కూడా. తర్వాత ‘బుంగి ఊరెళ్లింది’ అనేస్తారు పిల్లలు. ఎందుకంటే ఈ ఇంట్లో ఏది ఎప్పుడు చేయాలో అన్నీ పెద్దవాళ్లే నిర్ణయిస్తారు, బుంగి ఒక్కటే పాప చెప్పినట్టు నడుస్తుంది. దాని నోట కూడా మీ మాటే వినిపిస్తే ఇక పాపకి మిగిలేదేముంది? బుంగి ఏమందో పాప చెప్పాలి, మీరు వినాలి. మీకు వేషమిస్తే వేయండి, ఇవ్వకపోతే అడగకండి.

ఇక కంచం. పెట్టండి. చిన్న పళ్లెమో, డబ్బా మూతో చాలు, అందులో అన్నం వడ్డించక్కర్లేదు. పాప తన అన్నం తను తింటోందా అన్నదే మీరు చూసుకోవాల్సింది. ఇంటి నియమాలు మాత్రం బుంగి కోసం మారవు. స్కూల్ బస్సు బుంగి కోసం ఆగదు. బుంగి పక్క సీటు కావాలంటోందని తాతగారిని కుర్చీలోంచి లేపకూడదు. పాలు ఒలికినప్పుడు ‘నేను కాదు, బుంగి’ అంటే నిజం ఒప్పించాలని కోర్టు పెట్టకండి. ‘సరే, ఇదిగో గుడ్డ, నువ్వూ బుంగీ కలిసి తుడిచేయండి’ అంటే చాలు. బాధ్యత ఎవరిదో పాపకి తెలిసిపోతుంది, ఆటా పాడవదు.

రాళ్ల గురించి మీరు కాస్త సిగ్గుపడుతూ రాశారు. సిగ్గెందుకు? ఆర్కే బీచ్‌కో రుషికొండకో వెళ్లి జేబులు ఖాళీగా తిరిగొచ్చే పిల్లలుంటే నేను వాళ్ల గురించి ఆలోచిస్తాను. రాయికి జలుబు చేస్తుందనుకోవడం ఈ వయసు ఆలోచనా పద్ధతి. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే దాదాపు వందేళ్ల కిందటే చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి, సూర్యుడికి ప్రాణముందా, గాలికి తెలుస్తుందా అని అడిగి రాసుకున్నారు. కదిలేవాటికి, ఒక్కోసారి కదలనివాటికి కూడా పిల్లలు ప్రాణమూ ఇష్టాయిష్టాలూ అంటగడతారు. తన లోపల ఏం జరుగుతుందో అదే అన్నిటి లోపలా జరుగుతుందనుకుంటారు. మీ పాప అక్కడితో ఆగకుండా రుమాలు కూడా కప్పింది. నాకు అందులో ఊహకంటే ఎక్కువగా దయ కనబడింది. రాళ్లని ఉప్పు పోయేలా కడిగించండి. ఒక చెప్పుల డబ్బాలో పాత గుడ్డ పరిచి రాళ్ల మంచం చేయించండి. డబ్బా నిండితే కొత్త రాయి వచ్చినప్పుడల్లా పాత రాయి ఒకటి బీచ్‌కి ‘ఇంటికి’ వెళ్లాలని ఒప్పందం పెట్టుకోండి. ఏది వెళ్లాలో పాపే ఎంచుకుంటుంది, బాగా ఆలోచించి ఎంచుకుంటుంది కూడా. లోపల పీత కదులుతున్న గవ్వని మాత్రం అక్కడే వదిలేయడం నేర్పండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి వెళ్తే అక్కడి మట్టి గుప్పెడైనా తేకూడదని కూడా చెప్పండి, అది కాపాడుకోవాల్సిన చోటు.

సబ్‌మెరైన్ మాట వినగానే మన ఊళ్లో టీచర్లు ఎందుకు ఆశ్చర్యపోతారో నాకర్థం కాదు. బీచ్ ఒడ్డున కుర్సురా ఉంది కదా! 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో సెలవు తీసుకున్న ఆ సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియంగా అక్కడే నిలబడి ఉంది. పొడవు 91 మీటర్లు. గుండ్రటి కంతల్లోంచి వంగి దూరుతూ, పైపుల మధ్య నడుస్తూ, టార్పెడోల పక్కన సైనికులు పడుకునే పరుపులు చూసొచ్చిన పిల్లకి ఇంటికొచ్చాక మంచం కిందే సబ్‌మెరైన్ కాకపోతే ఇంకేమవుతుంది? కుర్సురా చూసొచ్చిన వారమంతా నా క్లాసులో బల్లలన్నీ నీళ్లకిందకి వెళ్లిపోయేవి. పొడవు స్కేలు పెరిస్కోప్ అయ్యేది. ఒక పాప తలుపు దగ్గర నిలబడి ‘నీళ్లొస్తాయి, తెరవకండి’ అని హెడ్మాస్టర్‌గారినే ఆపేసింది.

దీన్ని అబద్ధం అనకండి. శిక్ష తప్పించుకోవడానికి చెప్పేది వేరు, కథ చెప్పే సంతోషం కోసం చెప్పేది వేరు. మీకు అనుమానం వస్తే గొంతు పెంచకుండా ‘ఇది కథా, జరిగిందా?’ అని అడగండి. నాలుగున్నరేళ్లకి చాలామంది సరిగ్గానే చెప్తారు. కథ అంటే, ‘అయితే తర్వాతేమైంది?’ అనండి. న్యూజిలాండ్‌లో ఐదున్నరేళ్ల పిల్లలమీద చేసి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఊహాస్నేహితులున్న పిల్లలు కథ చెప్పేటప్పుడు ఎవరు ఏమన్నారో, ఎక్కడ, ఎందుకు జరిగిందో మిగతావాళ్లకంటే వివరంగా చెప్పారని తేలింది. లేని మనిషి సంగతులు రోజూ ఎవరో ఒకరికి పూసగుచ్చినట్టు చెప్పే పిల్లకి ఆ నేర్పు రావడంలో వింతేముంది?

క్లాసులో తనలో తను మాట్లాడుకోవడం ఇంకో సంగతి, దీనికీ బుంగికీ సంబంధం ఉండాల్సిన పనిలేదు. రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ దీన్ని చాలా కాలం కిందటే గమనించారు. పెద్దవాళ్లు లోలోపల అనుకునేది చిన్నపిల్లలు పైకి అంటారు. ‘ముందు ఎర్రరంగు, కాదు కాదు, ఇది ఇక్కడ పెట్టాలి’ అని తమని తాము నడిపించుకుంటారు. పని కష్టమైనకొద్దీ ఆ మాటలు పెరుగుతాయి. బడి వయసు వచ్చాక మెల్లగా గుసగుసలై, తర్వాత లోపలికి వెళ్లిపోతాయి. నోరు మూయించి బొమ్మ గీయమంటే పిల్లల చేతిలోంచి సగం ఆలోచన లాగేసుకున్నట్టే. టీచర్‌తో మాట్లాడేటప్పుడు ఇదొక్కటి చెప్పినా చాలు. ఏ పని చేస్తున్నప్పుడు ఎక్కువ మాట్లాడుతోందో కనిపెట్టి చెప్పమని అడగండి, గొడవ పడకండి. ముప్పై మందిని ఒక్కరే చూసుకునే టీచర్‌కి ఎవరైనా కొంచెం తేడాగా కనిపిస్తే డాక్టర్ అన్నమాట నోట్లోంచి వచ్చేస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల చదువు ఆటల ద్వారా సాగాలనే చెప్పింది. అక్షరాల కాపీ మాత్రమే చదువనుకునే బడైతే, ఆలోచించుకోవాల్సింది పాప గురించి కాదు, బడి గురించి.

అత్తగారి విషయంలో ఒక జాగ్రత్త. ఆవిడ భయం మనవరాలి మీద ప్రేమతో వచ్చిందే, ఎదురు మాట్లాడి గెలవాలని చూడకండి. సింహాచలం తీసుకెళ్లి దండం పెట్టిస్తానంటే పెట్టించనివ్వండి, కొండెక్కడం పాపకి పండగే. కానీ ‘గాలి సోకింది’ అన్నమాట పాప వినేలా ఇంట్లో ఎవరూ అనకూడదు. దీనిమీద మాత్రం గట్టిగా నిలబడండి. ఆ ఒక్క మాటతో, తను కల్పించుకున్న స్నేహితురాలే తనని పట్టుకున్న దెయ్యమైపోతుంది. రాత్రిళ్లు లేచి ఏడ్చే పిల్లల్ని ఇలాగే తయారుచేశారు పెద్దవాళ్లు, నేను చూశాను. అత్తగారిని చిన్నప్పుడు ఏం ఆడుకునేవారో అడగండి. బొమ్మల పెళ్లి చేశారా, చింతపిక్కలకి పేర్లు పెట్టారా, నూతిలోకి తొంగిచూసి ఎవరినైనా పిలిచారా? పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడే చెప్పేలా చూడండి. నూతిలోకి కేకేసిన మనిషికి ట్యాంకులో బుంగి అర్థంకాకుండా ఉండదు.

మీ వారికి కూడా ఒక మాట. వీడియోలు తీయడం ఆపమనండి. నెట్‌లో పెట్టడం అసలు వద్దు. ఎవరైనా చూస్తున్నారని తెలియగానే పిల్లలు ఆట మానేసి నటన మొదలెడతారు. చుట్టాలొచ్చినప్పుడు ‘బుంగి గురించి మావయ్యకి చెప్పమ్మా’ అని అడిగి అందరూ నవ్వడం ఇంకా దారుణం. తను నమ్మి చెప్పుకున్నది నవ్వులాటైందని పిల్లకి అర్థమవుతుంది, ఇంకెప్పుడూ చెప్పదు. ఆయనకి నిజంగా ముచ్చటగా ఉంటే ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి పాప అన్నమాటలు ఉన్నదున్నట్టు రాయమనండి. పెద్దయ్యాక పాపకివ్వడానికి అంతకంటే మంచిదేముంటుంది?

పాపలో ఊహ ఎక్కువుందని తెలియగానే డ్రాయింగ్ క్లాసు, కథల క్లాసు, డాన్సు క్లాసు అని సాయంత్రాలన్నీ నింపేయకండి. ఊహకి కావాల్సింది ఖాళీ సమయం, తీగలూ డబ్బాలూ పాత చున్నీలూ. బొమ్మ కొనాలంటే మన దగ్గరి ఏటికొప్పాక బొమ్మలు చూడండి. అంకుడు కర్రని చిత్రిక పట్టి లక్క రంగులు వేస్తారు. బటన్ నొక్కితే పాడవు కాబట్టి వాటి పాట పిల్లలే పాడాలి. ఫోన్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించొద్దంది, తక్కువైతే ఇంకా మంచిదంది. నా అనుభవంలో ఇంటి పని కూడా ఊహకి మేతే. మరియా మాంటిస్సోరి చిన్నపిల్లలకి కల్పనల కంటే నిజమైన పనులే ఇవ్వాలనేవారు. 1939లో మద్రాసు అడయారు వచ్చి మన టీచర్లకి శిక్షణ ఇచ్చింది కూడా ఆవిడే. పని విషయంలో ఆవిడ మాట నాకు నచ్చుతుంది. కానీ చిక్కుడుకాయలు ఒలవమని ఇస్తే పిల్లలు ఒలుస్తూనే ఒక్కో గింజకి ఒక్కో పేరు పెడతారు. ఆ రెండింటినీ విడదీయలేమని నాకు వాళ్లే చూపించారు.

ముందుముందు బుంగి ఏమవుతుందని కూడా అడిగారు. ఒకరోజు మీరు గమనించకుండానే వెళ్లిపోవచ్చు. కొందరిలో అది పెరిగి ఊరవుతుంది. గాజువాక నుంచి వచ్చే ఒక బాబు ఆరేళ్లు దాటాక లేని ఊరికి బస్సుల పటం గీశాడు. ఏ బస్సు ఎక్కడాగుతుంది, టికెట్ ఎంత, వానొస్తే ఏ దారి మూసేస్తారు, అన్నీ రాసి పెట్టుకున్నాడు. ఇంగ్లండ్‌లో బ్రాంటీ పిల్లలకి 1826లో తండ్రి చెక్క సైనికుల పెట్టె తెస్తే, ఆ బొమ్మల చుట్టూ రాజ్యాలు కట్టి, ఏళ్లపాటు అగ్గిపెట్టె అంత పుస్తకాల్లో వాటి చరిత్ర రాశారు. వాళ్లలో ముగ్గురు అక్కచెల్లెళ్లు తర్వాత పెద్ద రచయిత్రులయ్యారు. అలాగని మీ పాప రచయిత్రి అవుతుందని నేననడం లేదు, అలాంటి ఆశ పెట్టుకోవద్దు కూడా. ఆ బస్సుల పటం గీసిన బాబు పెద్దయ్యాక ఏమైనా అవ్వొచ్చు. గీస్తున్నంతసేపూ వాడు పొందిన ఆనందం వాడిదే.

ఎప్పుడు డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలో కూడా చెప్పాలి, అది దాచి ధైర్యం చెప్పడం తప్పు. బుంగి తనని కొట్టమంటోందని, చెడ్డపనులు చేయమంటోందని, తన మాట వినడం లేదని పాప నిజంగా భయపడుతుంటే. ఆటలోంచి బయటికి రాలేక, తినడం, నిద్ర, స్నానం, తోటి పిల్లలతో ఆట అన్నీ తగ్గిపోతుంటే. అంతకుముందు వచ్చిన మాటలు పోతుంటే, పిలిస్తే పలకకపోతుంటే. ఆటలో కథ లేకుండా వస్తువుల్ని ఒకేలా పేర్చడమే మిగిలి, కొంచెం కదిపినా తట్టుకోలేకపోతుంటే. ఒకటిన్నర రెండేళ్ల వయసు దాటాక కూడా ఉత్తుత్తి ఆటలు అసలే ఆడని పిల్లల గురించి డాక్టర్లు ఎక్కువ శ్రద్ధగా అడుగుతారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఇంకొకటి, వయసుకి మించిన సంగతులు, ముఖ్యంగా శరీరాన్ని తాకడానికి సంబంధించినవి, భయంతో ఆటలో పదేపదే వస్తుంటే అది ఊహ అని కొట్టిపారేయకండి. తిట్టకుండా వినండి, వెంటనే సాయం తీసుకోండి.

అలా ఏదైనా కనిపిస్తే ముందు మీ పిల్లల డాక్టర్‌కి చెప్పండి. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో పిల్లల విభాగం ఉంది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లడానికీ సంకోచించకండి. బయటికి వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు తీసుకోరు. టీచర్ మాట కోసం ఒకసారి డాక్టర్‌కి చూపించినా నష్టం లేదు, మీ మనసూ కుదుటపడుతుంది. పాపకి మాత్రం ‘నీకేదో అయింది’ అని చెప్పి తీసుకెళ్లకండి.

మీరు రాయని సంగతులు రెండు నాకు తెలియాలి. పాప రాత్రిపూట ఎలా పడుకుంటోంది? బుంగి ట్యాంకులోకి వచ్చిన రోజుల్లో ఇంట్లో ఏదైనా మారిందా, అంటే ఇల్లు మారడం, స్కూలు మొదలవడం, తమ్ముడో చెల్లో పుట్టడం, ఎవరైనా దూరమవడం లాంటిది? అవి కూడా రాయండి, అప్పుడు ఇంకా వివరంగా చెప్పగలను.